నొప్పి లేని జబ్బులు

నొప్పిని మనము శత్రువని తలతుము గాని, యథార్థమునకు అది యింటి కావలివాని వంటిది. పంటికి పుచ్చు పట్టినచో నొప్పి చెప్పును. కాలిలో ముల్లు విరిగినచో నొప్పి చెప్పును. ఆ కావలివాడు కేక వేయగనే మనము మేలుకొని తగిన ఉపాయము వెదకుదుము. అయితే ఆ కావలివానికి తెలియకుండ పెరటిదారిని లోనికి వచ్చి, ఏండ్ల తరబడి యింటిలోనే కాపురముండి, ఒక్కొక్క వస్తువునే మెల్లగా తరలించుకొనిపోవు దొంగలు ఇద్దరు గలరు. ఒకరి పేరు రక్తపోటు, రెండవవారి పేరు మధుమేహము. బీ.పీ., షుగరు అని యింటింట వాడుక. ఈ నెల వీరిని గూర్చియే సోదరీమణులతో ముచ్చటింపదలచితిని.

ఇంటిలో ఎవరికి ఒడలు వెచ్చబడినను మొదట కనిపెట్టునది ఇల్లాలే. బిడ్డ అన్నము సరిగా తినకున్నను, మామగారు రాత్రి రెండుమాఱులు ఎక్కువగా లేచినను, భర్త ముఖము వాడియున్నను ఆమె కంటబడక తప్పదు. కాని తన విషయము వచ్చునప్పటికి ఆమె కొలమానము వేఱు. మంచము పట్టనంతవరకు జబ్బు లేనట్లే. అలసట కలిగినచో పని యెక్కువైనదనుకొనును. తలనొప్పి వచ్చినచో ఎండయనుకొనును. పరీక్ష చేయించుకొందునని ఎప్పుడైన నోరు విడిచి చెప్పినను, “నీ కేమి జబ్బమ్మా, నిక్షేపముగా తిరుగుచున్నావు గదా!” యని పెద్దలు నవ్వుదురు. అందు దురుద్దేశ మేమియు లేదు. కాని నిక్షేపముగా తిరుగుచున్నవారిలోనే యీ రెండు జబ్బులు దాగియుండునని వారెఱుగరు.

ఎంతమంది యెఱుగరో సంఖ్యలే చెప్పగలవు. భారత వైద్య పరిశోధన మండలివారు దేశమంతట జరిపిన గొప్ప పరిశీలన ఫలితములు 2023 సంవత్సరమున వెలువడినవి. దాని ప్రకారము పెద్దవారిలో నూటికి సుమారు 11 మందికి మధుమేహము గలదు. మఱి 15 మంది ఆ జబ్బు గుమ్మమువద్ద నిలిచియున్నారు. నూటికి 35 మందికి రక్తపోటు హెచ్చుగా నున్నది. ఇంతకంటె ఆలోచింపదగిన సంగతి 2017-18 లో జరిగిన మఱియొక జాతీయ పరిశీలనలో గలదు. రక్తపోటు గలవారిని నూఱుగురిని తీసికొన్నచో, తమకు ఆ జబ్బున్నదని తెలిసినవారు 28 మంది మాత్రమే. వారిలో సగముమంది, అనగా 14 లేక 15 మంది, మందు పుచ్చుకొనుచున్నారు. రక్తపోటు అదుపులో నున్నవారు 13 మందికి మించలేదు.

ఈ లెక్కను ఒక మెట్లవరుసగా భావింపుడు. మొదటి మెట్టు కొలిపించుకొనుట, రెండవది తెలిసికొనుట, మూడవది మందు మొదలుపెట్టుట, నాలుగవది విడువక సాగించుట. నూఱుగురు క్రింద నిలిచియుండగా పైమెట్టు చేరువారు 13 మంది. మిగిలినవారు జారిపోవుచున్నది వైద్యుని గదిలో కాదు. గడప దాటకముందు కొందరు, మందులతో గడపలోనికి మరలివచ్చిన తరువాత కొందరు జారిపోవుచున్నారు. కావున ఈ జబ్బుల మంచిచెడ్డలు వైద్యుని చేతిలో ఎంతయున్నవో ఇల్లాలి చేతిలోను అంతయే యున్నవి.

రక్తపోటనగా నేమి? గుండె రక్తమును నెట్టునప్పుడు నాళముల గోడలపై పడు ఒత్తిడియే. పొలమునకు నీరు పెట్టు గొట్టములో ఒత్తిడి హెచ్చి నిలిచినచో గొట్టము నాడే పగులదు. కాని లోపల అరుగుచుండును, గట్టిపడును, ఒకనాడు బలహీనమైన చోట పగులును. మన దేహమున ఆ బలహీనమైన చోట్లు మెదడు, గుండె, మూత్రపిండములు, కంటిలోని సన్నని నాళములు. మధుమేహమున రక్తములో చక్కెర హెచ్చి అవే నాళములను మఱియొక విధముగా చెఱచును. రెండును ఒక్కరియందే చేరినచో హాని మిక్కిలి త్వరపడును. పక్షవాతము, గుండెపోటు, మూత్రపిండముల వైఫల్యము, చూపు పోవుట, కాలిపుండు మానకుండుట, వీనిలో అనేకము ఎన్నో సంవత్సరముల మౌనము తరువాత వచ్చిన కేకలు.

ఇక్కడ ఒక వాడుకమాటను సరిదిద్దవలసియున్నది. “మూత్రమునకు చీమలు పట్టలేదు గదా, షుగరెట్లుండును?” అని పెద్దలనుట కద్దు. చీమలు చేరుటను మన ప్రాచీన వైద్యులు గుర్తించిన మాట నిజమే. అయితే రక్తములో చక్కెర ఇంచుమించు 180 దాటిన తరువాతగాని అది మూత్రములోనికి పొరలి రాదు. అంతకుముందు ఎంతకాలమైనను చీమకు తెలియకుండ జబ్బు రక్తములో నుండవచ్చును. రక్తపోటు సంగతియు నిట్టిదే. చేతికి పట్టీ కట్టి కొలుచు పరికరమును ఇటలీ దేశపు వైద్యుడు రివా-రోచి 1896 లో ప్రకటించెను. మోచేతి నాళమున శబ్దము విని రెండు సంఖ్యలను గుర్తించు విధానమును 1905 లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ చెప్పెను. ముఖము ఎఱ్ఱబడుట చూచి, నాడి పట్టి, తల దిమ్ము నడిగి రక్తపోటును నిర్ణయించుట నాడును నేడును ఎవరికిని సాధ్యము కాదు. కొలిచినగాని తెలియదు.

ఎక్కడ కొలిపించుకొనవలయును? దీనికై పెద్ద ఆసుపత్రికి పోయి దినమంతయు పోగొట్టుకొన నవసరము లేదు. 2013 లో జాతీయ పట్టణ ఆరోగ్య కార్యక్రమము మొదలైనప్పటినుండి ఇంచుమించు 50 వేల జనమునకు ఒకటి చొప్పున పట్టణ ప్రాథమిక ఆరోగ్యకేంద్రము లుండవలెనని యేర్పాటు. హైదరాబాదు నగరమున 2018 నుండి బస్తీ దవాఖానలు వెలసినవి. విజయవాడ, విశాఖపట్టణము, వరంగల్లు మొదలగు పట్టణములందును ఆరోగ్యకేంద్రములు వీథులకు దగ్గరగనే యున్నవి. 30 సంవత్సరములు నిండిన ప్రతివారికి ఏట నొకమాఱు రక్తపోటు, చక్కెర చూచుట ఈ కేంద్రముల విధులలో నొకటి. పరీక్షకును మందునకును రుసుము లేదు. మీ కేంద్రము తెఱచియుండు వేళలను, సెలవుదినమును ముందుగా విచారించుకొని పోయినచో వృథాశ్రమ తప్పును.

కొన్ని వీథులకు ఆశా కార్యకర్త వచ్చి, కాగితము చేత బట్టుకొని వయస్సు, నడుము కొలత, పొగాకు అలవాటు, శరీరశ్రమ, తలిదండ్రుల జబ్బులు మొదలగునవి అడుగును. పలువురు తలుపు సగము తెఱచి, “మా యింట అందఱము బాగుగనే యున్నాము” అని పంపివేయుదురు. అట్లు చేయకుడు. ఆ ప్రశ్నలు కుతూహలముచే అడుగునవి కావు. ఎవరిని ముందుగా పరీక్షింపవలయునో తెలిసికొనుటకు ఏర్పడినవి. ఆడువారికి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు మించుట ఒక హెచ్చరిక. సన్నని చేతులు, సన్నని కాళ్లు ఉండియు నడుము మాత్రము పెరుగుట మన దేశపు స్త్రీలలో తఱచు. కావున చూపునకు లావుగా లేమని ధైర్యపడరాదు.

కానుపుల సమయమున చక్కెర హెచ్చినదని వైద్యులు చెప్పిన సోదరీమణులు మఱింత జాగరూకత వహింపవలయును. బిడ్డ పుట్టగనే ఆ చక్కెర సాధారణముగ తగ్గిపోవును. దానితో ఆ మాటయు మఱపునకు వచ్చును. కాని అట్టివారికి తరువాతి కాలమున మధుమేహము వచ్చుట యితరులకంటె పలురెట్లు హెచ్చు. కానుపైన ఆఱు వారములకు ఒకమాఱు, పిమ్మట ఏటేట ఒకమాఱు పరీక్ష తప్పనిసరి. బాలింతకు పథ్యము చూచువారు అనేకులు గలరు గాని ఈ పరీక్షను జ్ఞాపకము చేయువారు అరుదు. పుట్టింటివారైనను అత్తవారైనను పంచాంగముపై ఆ తేదీని గుర్తుపెట్టినచో ఎంతయో మేలు.

ఇక కొలుచు విధము. రక్తపోటు కొలిపించుకొనుటకు ముందు అరగంటవరకు కాఫీ, టీ, పొగాకు కూడదు. పరుగున మెట్లెక్కి వచ్చి వెంటనే చేయి చాపరాదు. మూత్రవిసర్జన చేసివచ్చి, వీపునకు ఆనిక గల కుర్చీలో, పాదములు నేలపై నానించి, కాలిపై కాలు వేయక అయిదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. చేయి బల్లపై గుండె యెత్తున నుండవలెను. రవిక చేతి గుడ్డపై పట్టీ కట్టనీయక తగినంత పైకి మడిచికొనుడు. లావైన చేతికి చిన్న పట్టీ కట్టినచో సంఖ్య అబద్ధముగా హెచ్చి కనబడును గనుక పెద్ద పట్టీ యున్నదా యని అడుగుటలో తప్పు లేదు. కొలుచునపుడు మాటలాడరాదు. ఒక నిమిషము ఎడముతో రెండుమాఱులు చూచుట మంచిది. పైసంఖ్య 140 గాని, క్రిందిసంఖ్య 90 గాని, అంతకు మించి గాని, వేర్వేరు దినములలో కనబడినచో దానిని హెచ్చు రక్తపోటందురు. ఒకనాటి సంఖ్యను చూచి భయపడ నక్కఱలేదు. ఒకనాడు బాగున్నదని ఏండ్లకొలది మఱచిపోనును రాదు.

చక్కెరకు మొదట వేలికొన రక్తబిందువుతో పరీక్ష చేయుదురు. అది జల్లెడ వంటిది. అందు 140 లేక అంతకు హెచ్చుగా వచ్చినచో జబ్బు ఖాయమని కాదు, సరియైన పరీక్షకు మఱల రావలెనని యర్థము. రాత్రి భోజనమైన తరువాత ఎనిమిది గంటలు నీరు తప్ప మఱేమియు పుచ్చుకొనక పరగడుపున ఇచ్చిన రక్తములో 126 గాని, 75 గ్రాముల గ్లూకోజు నీరు త్రాగిన రెండు గంటలకు 200 గాని, లేక అంతకు మించి గాని యున్నచో మధుమేహము. జబ్బు లక్షణము లేవియు లేనివారికి మఱియొకమాఱు చూచి నిశ్చయింతురు. మూడు మాసముల సగటును తెలుపు హెచ్.బి.ఏ.1సి. అను పరీక్షయు గలదు. అందు 6.5 హద్దు. అయితే రక్తహీనత గలవారియందు ఆ సంఖ్య దారితప్పించవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము మన దేశమున 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు. కావున ఆ పరీక్ష వ్రాసినపుడు, “నాకు రక్తము తక్కువయని లోగడ చెప్పిరి” అను మాటను వైద్యునికి తప్పక తెలుపుడు.

ఆ కేంద్రమునకే పోయినపుడు మఱియొక పనియు నెరవేర్చుకొనవచ్చును. 30 మొదలు 65 సంవత్సరములవరకు గల స్త్రీలకు అయిదేండ్ల కొకమాఱు నోరు, రొమ్ములు, గర్భాశయ ముఖద్వారము పరీక్షించి కాన్సరు ఛాయ లున్నవేమో చూచు నేర్పాటు గలదు. ఆ విషయము వేఱుగా విపులముగా వ్రాయదగినది. ఇప్పటికి ఇంత చెప్పిన చాలును: పరీక్ష చేయునది స్త్రీయే కావలెనని కోరుటకును, తెర చాటున చేయవలెనని కోరుటకును మీకు హక్కు గలదు. సిగ్గుచే ఆగిపోయిన పరీక్షకంటె అడిగి చేయించుకొన్న పరీక్ష మేలు.

సంఖ్య హెచ్చని తేలినది. తరువాత? ఇక్కడనే రెండవ జారుడు మెట్టున్నది. కొందరు బెదరి ఊరిలోని చేదు కషాయము లన్నియు త్రాగుదురు. కొందరు నమ్మక మఱియొక చోట మఱియొక చోట కొలిపించి, తక్కువ వచ్చిన చోటనే నమ్ముదురు. చాలమంది నెల దినములు మాత్రలు మ్రింగి, సంఖ్య దిగినదని చూచి, “తగ్గినది, ఇక మందేల?” యని మానివేయుదురు. వాన కురియుచుండగా గొడుగు పట్టితిమి. తల తడియలేదు. తల తడియలేదు గనుక వాన వెలిసినదని గొడుగు ముడిచినచో ఏమగును? మాత్రలు గొడుగు వంటివి. సంఖ్య దిగుట జబ్బు పోయినదనుటకు గుర్తు కాదు, మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు. మోతాదు తగ్గింపవలెనన్నను, మార్పవలెనన్నను అది వైద్యునితో ఆలోచించి చేయవలసిన పని.

“ఒకమాఱు మొదలుపెట్టినచో జన్మాంతము మ్రింగవలెనట, మొదలుపెట్టకున్నచో పోవును గదా” యని కొందరందురు. మొదలుపెట్టకుండుటచే ఆగునది మాత్ర మాత్రమే, జబ్బు ఆగదు. 2017 లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము తొలుత చేపట్టిన అయిదు రాష్ట్రములలో తెలంగాణము ఒకటి. అందు అనుసరించిన మార్గము చాల సులభమైనది. అందఱకు ఒకే క్రమమున కొలదిరకముల మాత్రలు, నెలకు సరిపడు మందు ఒకేసారి, ప్రతి రోగికి ఒక చీటి, రానివారిని పిలిచి జ్ఞాపకము చేయుట. ఇంతకంటె వింత మందేదియు లేదు. విడువకుండుటయే అందలి మర్మము.

మాత్రలచే కొన్ని చిన్న బాధలు కలుగవచ్చును. మెట్‌ఫార్మిన్ మొదట కడుపులో త్రిప్పును. అన్నముతో గాని అన్నమైన వెంటనే గాని పుచ్చుకొన్నచో తగ్గును. అమ్లోడిపిన్‌చే కొందరికి చీలమండలు వాచును. ఇట్టివి కలిగినపుడు మందు మానుట కాక వైద్యునితో చెప్పుటయే తగును. మార్చుటకు వేఱు మందులు గలవు. గర్భము ధరించినవారును, ధరింపగోరువారును ఆ సంగతిని ముందే చెప్పవలయును. టెల్మిసార్టన్ వంటి కొన్ని రక్తపోటు మాత్రలు గర్భస్థ శిశువునకు హాని చేయును.

ఉపవాసముల మాటయు నిక్కడనే చెప్పవలసియున్నది. ఏకాదశి, కార్తికమున సోమవారములు, రంజాను మాసము మన యిండ్లలో విడువని నియమములు. చక్కెరకు మందు పుచ్చుకొనువారు అన్నము మానియు మందు మామూలుగా మ్రింగినచో, కొన్ని మందులచేతను, ఇన్సులినుచేతను రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమట పట్టుట, వణకు, ఆకలి, గుండెదడ, మాట తడబడుట దాని గుర్తులు. స్మృతి యున్నచో వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పావుగంటకు తగ్గనిచో మఱల ఇచ్చి, తరువాత అన్నము పెట్టవలెను. స్మృతి లేనివారి నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వ్రతమునకు ముందే వైద్యుని సంప్రదించినచో మందుల వేళలు మార్చి చెప్పును. దేవునికి చేయు నియమము దేహమునకు కీడు కానక్కఱలేదు.

ఇంక వంటయింటికి వత్తము. ప్రపంచారోగ్య సంస్థ చెప్పిన ప్రకారము పెద్దవారికి దినమునకు 5 గ్రాముల లోపుగనే ఉప్పు చాలును, అనగా ఒక చిన్న చెంచాడు. నలుగురు పెద్దలున్న యింట దినమునకు 20 గ్రాములు, నెలకు 600 గ్రాములు. మీ యింట నెలకు ఎన్ని పొట్లముల ఉప్పు వచ్చుచున్నదో చూడుడు. దానికి ఆవకాయ, మాగాయ, గోంగూర జాడీలలో పోసినదియు, అప్పడములు, ఊరమిరపకాయలు, అంగడి కారప్పూసలలో నున్నదియు కూడుడు. లెక్క తెలియగనే ఆశ్చర్యము కలుగును. ఊరగాయను మానుమనుట తెలుగు ఇంట వ్యర్థోపదేశము. కాని దానిని కూరవలె కలుపుకొనక నంజుకొనుట సాధ్యమే. మజ్జిగలో ఉప్పు మానుట, అన్నము వార్చునపుడు ఉప్పు వేయకుండుట, బల్లపై ఉప్పుగిన్నె తీసివేయుట, ఈ మూడింటిని మొదట చేయుడు. నాలుక కొన్ని వారములలో అలవాటుపడును. ఇందొక జాగ్రత్త: మూత్రపిండముల జబ్బు గలవారును, రక్తపోటు మాత్రలు వాడువారును వైద్యుని అడుగకుండ పొటాషియము కలిపిన ఉప్పును వాడరాదు.

అన్నము విషము కాదు. దాని పాలు హెచ్చుటయే తప్పు. విస్తరిలో సగము ఆకుకూరలు, కాయగూరలు, పాతిక పప్పు, గ్రుడ్డు, చేప వంటివి, పాతిక అన్నము గాని జొన్నరొట్టె గాని రాగిసంకటి గాని యుండునట్లు చూడుడు. రాగిసంకటియైనను ముద్దపై ముద్ద తిన్నచో చక్కెర హెచ్చునని మఱువరాదు. రోగికి వేఱు వంట వండుట ఎల్లకాలము సాగదు, రోగికిని వెలివేసినట్లుండును. ఇంటిల్లిపాదికి ఆ వంటయే మేలు గనుక ఒకే పొయ్యి, ఒకే కుండ చాలును. దీనికి ఫలము గలదా యని సందేహించువారికి చెన్నపట్టణములో జరిగిన పరిశోధన ఒకటి చెప్పెదను. మధుమేహపు గుమ్మమువద్ద నున్న 531 మందిని తీసికొని జరిపిన ఆ పరిశోధన ఫలితములు 2006 లో వెలువడినవి. మామూలుగా నున్నవారిలో మూడేండ్లకు నూటికి 55 మందికి జబ్బు వచ్చెను. ఆహారమున తీపియు, శుద్ధిచేసిన పిండియు తగ్గించి, దినమునకు అరగంట నడచుట మొదలైన సలహా లనుసరించినవారిలో 39 మందికే వచ్చెను. మందు లేకయే నూటికి 16 మంది తప్పించుకొనిరి. ఇంటిపనియే నడక గదా యని కొందరందురు. ఇంటిపని శ్రమయే గాని ఊపిరి కొంచెము వేగమగునట్లు ఎడతెగక నడచుట వేఱు. మేడపైనైనను, గుడి చుట్టునైనను అరగంట మీదని యేర్పఱచుకొనుడు.

చివరకు ఒక చిన్న సాధనము. పాలవాని పద్దు, చాకలి పద్దు, పచారీ పద్దు వ్రాయు పుస్తకము ప్రతి యింట గలదు. అందు ఇంటిలో 30 నిండిన ప్రతివారికి ఒక పుట కేటాయింపుడు. తేదీ, రక్తపోటు రెండు సంఖ్యలు, పరగడుపు చక్కెర, బరువు, ఇంటిలో మిగిలియున్న మాత్రలు, మఱల పోవలసిన దినము అను ఆఱు గడులు గీయుడు. చక్కెర జబ్బు గలవారి పుటలో ఏటికొకమాఱు కండ్లు, పాదములు, మూత్రపిండములు చూపించిన తేదీకి మఱియొక గడి చేర్పుడు. వారు ప్రతి రాత్రి అరికాళ్లు చూచుకొనుటయు అలవాటు చేసికొనవలెను. స్పర్శ తగ్గిన పాదమునకు గాయము తెలియదు. మాత్రలు వారమునకు సరిపడ మిగిలియుండగనే కేంద్రమునకు పోవలెనను నియమము పెట్టుకొన్నచో నడుమ తెగదు. పుస్తకము వెంట తీసికొనిపోయినచో వైద్యునికిని సులభము.

వేచియుండగూడని సమయములు కొన్ని గలవు. మూతి ఒక ప్రక్కకు పోవుట, ఒక చేయి లేవకుండుట, మాట ముద్దయగుట, గుండెలో బిగింపు, చెమటతో ఊపిరాడకుండుట కలిగినచో చిన్న కేంద్రమునకు కాక, 108 కి పిలిచి పెద్ద ఆసుపత్రికి వెంటనే పోవలెను. ఆడువారిలో గుండెపోటు ఒక్కొక్కప్పుడు విపరీతమైన అలసటగా, దవడ నొప్పిగా, వికారముగా వచ్చును. గ్యాసని సోడా త్రాగి కూర్చుండరాదు. రక్తపోటు 180/110 దాటినచో బాధ లేకున్నను ఆ దినముననే వైద్యుని చూడవలెను.

ఆ పద్దుపుస్తకములో మొదటి పుట ఎవరిది కావలెను? అలవాటు చొప్పున మామగారిది, అత్తగారిది, భర్తది వ్రాసి, తనది చివర వ్రాయుదమనుకొని, ఆ పుట ఖాళీగనే మిగులుట సహజము. ఈమాఱు క్రమము మార్పుడు. ఇంటిలోని మందుల వేళలు, పథ్యములు, తేదీలు అన్నియు ఎవరి జ్ఞాపకముపై నడచుచున్నవో ఆమె పడిపోయినచో తక్కిన పుటలు చూచువా రెవరు? మొదటి పుటపై మీ పేరే వ్రాయుడు. ఈ నెలలోనే ఒక ఉదయము, పరగడుపున, ఇరుగుపొరుగు వారిని ఒకరిద్దరిని వెంటబెట్టుకొని మీ వీథి కేంద్రమునకు పోయి రెండు సంఖ్యలు తెచ్చుకొనుడు. అవి మంచివైనచో సంతోషముతో మఱుసటి యేటి తేదీ వ్రాయుడు. హెచ్చైనచో దొంగ యింటిలో నున్నాడని సకాలమున తెలిసినట్లే.